డిస్క్‌లో చోటున్నా ‘నో స్పేస్’ అంటోందా? కోడ్ సర్వర్లలో తాత్కాలిక స్థలం సమస్యను పట్టుకోవడం ఎలా

సాయంత్రం ఆరు గంటలు. వెబ్‌సైట్‌లో దొర్లిన ఒక తప్పును సరిదిద్దిన డెవలపర్, ఆ మార్పును ఆఫీసు కోడ్ సర్వర్‌కు పంపుతారు. వెంటనే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని ఎర్రర్ వస్తుంది. సర్వర్ చూసుకునే వ్యక్తికి ఫోన్ చేస్తే, ఆయన లాగిన్ అయి చూసి ‘200 జీబీ ఖాళీగా ఉంది కదండీ, సమస్య మీ దగ్గరే’ అంటారు. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అదే ఎర్రర్.

ఇద్దరూ చెబుతున్నది నిజమే. సర్వర్‌లో కోడ్ దాచే డిస్క్ వేరు, వచ్చిన కోడ్‌ను కాసేపు ఉంచి సరిచూసే చోటు వేరు. నిండిపోయింది రెండోది. పైగా పని విఫలం కాగానే ఆ తాత్కాలిక ఫైళ్లు చాలాసార్లు వాటంతట అవే చెరిగిపోతాయి. అందుకే అడ్మిన్ వచ్చి చూసేసరికి అంతా బాగానే కనిపిస్తుంది.

ఈ చిన్న తేడా తెలియక గంటలు వృథా అవుతుంటాయి. అంతకంటే ప్రమాదం ఏమిటంటే, ఖాళీ చేద్దామన్న తొందరలో ఉంచాల్సినవి కూడా తీసేయడం.

డిస్క్ నిండితే అంత పెద్ద విషయమా?

టయోటాను అడగాలి. 2023 ఆగస్టు 29న జపాన్‌లోని ఆ సంస్థ అసెంబ్లీ ప్లాంట్లు మొత్తం 14 ఆగిపోయాయి. సైబర్ దాడి అని మొదట చాలామంది అనుమానించారు. కాదని, విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లలో ఆగస్టు 27న మెయింటెనెన్స్ చేస్తుండగా డిస్క్ స్థలం చాలక ఎర్రర్ వచ్చిందని సంస్థ తర్వాత ప్రకటించింది. డేటాబేస్‌లో పేరుకున్న డేటాను తొలగించి సర్దుతున్నప్పుడు ఇది జరిగింది. ప్రత్యామ్నాయ సర్వర్లు కూడా అదే వ్యవస్థపై నడుస్తుండటంతో అవీ అలాగే ఆగాయి. ఎక్కువ సామర్థ్యం ఉన్న సర్వర్‌కు డేటాను మార్చాకే ప్లాంట్లు మళ్లీ మొదలయ్యాయి.

అది కోడ్ సర్వర్ కాదు. కానీ పాఠం ఒకటే. శుభ్రం చేసే పనికి కూడా కొంత ఖాళీ స్థలం కావాలి. ఆ సంగతి కింద మళ్లీ వస్తుంది.

ఇక మన ఫోన్లలోని సేవల విషయానికొస్తే, బిల్లు కట్టే యాప్ అయినా, సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసే పోర్టల్ అయినా దాని వెనక లక్షల లైన్ల కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో లెక్క రాసి ఉంచేదే వెర్షన్ కంట్రోల్ సర్వర్. ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్ కోసం కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ‘ఓపెన్‌ఫోర్జ్’ అనే వేదికను నడుపుతోంది. కోవిడ్ సమయంలో వచ్చిన ఆరోగ్య సేతు యాప్ ఆండ్రాయిడ్ కోడ్‌ను 2020 మేలో గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు. ఇలాంటి ప్రభుత్వ విభాగాలు, వాటికి పనిచేసే కంపెనీలు, కాలేజీలు సొంత కోడ్ సర్వర్లను పెట్టుకోవడమూ మామూలే.

కోడ్ సర్వర్ ఆగితే యాప్ వెంటనే ఆగిపోదు. ఆగేది దిద్దుబాటు. ఫీజు తప్పుగా లెక్కిస్తున్న పోర్టల్‌కు సరైన కోడ్ సిద్ధంగా ఉన్నా, అది సర్వర్‌లోకి వెళ్లేంతవరకూ జనం తప్పుడు ఫీజే కడుతుంటారు.

యార్డులో చోటు లేకపోతే లారీ ఎక్కడ ఆగుతుంది?

గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకు ఈ సమస్య ఇట్టే అర్థమవుతుంది. కోల్డ్ స్టోరేజీలు ఎంత ఖాళీగా ఉన్నా, యార్డులో బస్తాలు దించడానికి చోటు లేకపోతే లారీ గేటు బయటే ఆగుతుంది. బస్తాలు దించాలి, నాణ్యత చూడాలి, తూకం వేయాలి. ఆ తర్వాతే కోల్డ్ స్టోరేజీ. కోడ్ సర్వర్ కూడా వచ్చిన సరుకును నేరుగా లోపల పెట్టదు. ముందు దించుకుంటుంది.

ఎక్కడ దించుకుంటుందన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. తికమక అంతా ఇక్కడే.

ఇప్పుడు ఎక్కువగా వాడే గిట్‌లో, మనం పంపిన మార్పులు (పుష్) ముందు రిపాజిటరీలోనే ఉన్న ఒక ‘క్వారంటైన్’ ఫోల్డర్‌లోకి చేరతాయి. 2016లో వచ్చిన 2.11 వెర్షన్ నుంచి ఈ పద్ధతి ఉంది. సర్వర్ వాటిని పరిశీలించి, అన్నీ సరిగ్గా ఉంటేనే అసలు చోటికి చేరుస్తుంది. అంటే గిట్ వరకు తాత్కాలిక చోటు కూడా రిపాజిటరీ ఉన్న డిస్క్‌లోనే ఉంటుంది.

కానీ సర్వర్‌లో గిట్ ఒక్కటే ఉండదు కదా. బ్రౌజర్ చిరునామాతో (హెచ్‌టీటీపీఎస్) పుష్ చేస్తే మధ్యలో తరచూ ఎన్‌జింక్స్ వంటి వెబ్ సర్వర్ ఉంటుంది. దాని సెట్టింగ్ మార్చకపోతే, వచ్చే పెద్ద డేటా మొత్తాన్ని ముందు తన తాత్కాలిక ఫోల్డర్‌లో రాసుకుని, ఆ తర్వాతే గిట్‌కు అందిస్తుంది. ఆ ఫోల్డర్ చాలా సర్వర్లలో ‘/వార్’ కింద, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చిన్న డిస్క్‌లో ఉంటుంది. రిపాజిటరీల డిస్క్‌లో 200 జీబీ ఖాళీగా ఉండటం, 3 జీబీల పుష్ విఫలం కావడం ఒకేసారి ఎలా సాధ్యమో ఇప్పుడు తెలిసింది కదా. అలాగే కోడ్‌ను తనిఖీ చేయడానికి సంస్థలు సొంతంగా రాసుకునే హుక్ స్క్రిప్టులు కూడా మామూలుగా ‘/టీఎంపీ’లోనే తమ ఫైళ్లు పెట్టుకుంటాయి.

పాత ప్రాజెక్టుల్లో ఇప్పటికీ కనిపించే సబ్‌వర్షన్ (ఎస్‌వీఎన్) తీరు ఇంకోలా ఉంటుంది. ప్రతి కమిట్‌కు రిపాజిటరీ లోపల ఒక ‘ట్రాన్సాక్షన్’ తయారవుతుంది. పని పూర్తయితే అది కొత్త రివిజన్‌గా మారుతుంది. మధ్యలో కనెక్షన్ తెగితే ఆ సగం ట్రాన్సాక్షన్ అక్కడే పడి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఎవరూ చూడని సర్వర్లలో ఇలాంటివి కుప్పలుగా దొరుకుతాయి.

గేమింగ్ కంపెనీలు ఇష్టపడే పెర్‌ఫోర్స్ అయితే డిస్క్ పూర్తిగా నిండేదాకా ఆగదు. డేటాబేస్, జర్నల్, తాత్కాలిక ఫోల్డర్.. ఇలా ఒక్కోదానికీ కనీసం ఇంత ఖాళీ ఉండాలని హద్దు పెట్టుకుంటుంది. ఇటీవలి వెర్షన్లలో ఆ హద్దు 250 ఎంబీ. అంతకంటే తగ్గితే, ‘టెంప్’లో ఇంతే మిగిలింది, ఇంత కావాలి అని స్పష్టంగా చెప్పి పనిని నిరాకరిస్తుంది. ‘పీ4 డిస్క్‌స్పేస్’ అనే కమాండ్‌తో ఏది ఎంత ఖాళీగా ఉందో ఒకేచోట చూడొచ్చు. ఇది చూసి హద్దును సున్నాకు దించేసేవాళ్లూ ఉంటారు. అది పొగ వాసన వస్తోందని అలారం వైరు పీకేయడం లాంటిది. డేటాబేస్ రాస్తున్న మధ్యలో స్థలం అయిపోతే వచ్చే నష్టం ఇంతకంటే చాలా పెద్దది.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరి డిస్క్?

ఎర్రర్ లైన్ ముందు ‘రిమోట్’ అనే మాట ఉందేమో చూడండి. గిట్‌లో ఆ మాటతో మొదలయ్యే లైన్లు సర్వర్ నుంచి వచ్చినవి. అది లేకుండా, కోడ్ తెచ్చుకునేటప్పుడు (క్లోన్, పుల్) ఎర్రర్ వస్తే మీ లాప్‌టాప్ డిస్క్‌నే మొదట అనుమానించాలి.

కోడ్ పోయిందేమోనన్న భయం అక్కర్లేదు. గిట్‌లో కమిట్ మీ కంప్యూటర్‌లోనే భద్రంగా ఉంటుంది, పుష్ విఫలమైతే అది చెరిగిపోదు. సర్వర్ వైపు కూడా సగం చేరిన మార్పు అసలు రిపాజిటరీలో కలవదు. సబ్‌వర్షన్‌లో కూడా అంతే, కమిట్ పూర్తిగా జరుగుతుంది లేదా అసలు జరగదు. కాబట్టి ‘ఒకసారి ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ దించుకో’ అని పక్క సీటు నుంచి వచ్చే సలహాను వినకండి. ఇంకా సర్వర్‌కు చేరని పని అంతా ఆ ఫోల్డర్‌లోనే ఉంది.

సర్వర్‌లో ఎక్కడ చూడాలి?

ఇక్కడి నుంచి అడ్మిన్ పని. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాం. టైప్ చేసేటప్పుడు, ప్రత్యేకంగా చెప్పనిచోట, ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడాలి.

‘డీఎఫ్ -హెచ్’ అని కొడితే డిస్క్‌లన్నీ వరుసగా వస్తాయి. చాలామంది అందులో పెద్ద అంకె చూసి ఊరుకుంటారు. అలా కాకుండా, ఫోల్డర్ పేరు ఇచ్చి అడగాలి. ‘డీఎఫ్ -హెచ్ /టీఎంపీ’ అంటే ఆ ఫోల్డర్ ఏ డిస్క్‌లో ఉందో, అందులో ఎంత మిగిలిందో మాత్రమే చెబుతుంది. రిపాజిటరీ ఫోల్డర్‌కు ఒకసారి, ‘/వార్/టీఎంపీ’కి ఒకసారి, వెబ్ సర్వర్ తాత్కాలిక ఫోల్డర్‌కు ఒకసారి ఇలాగే అడగాలి. సర్వర్ డాకర్ కంటెయినర్‌లో నడుస్తుంటే కంటెయినర్ లోపలికి వెళ్లి అడగాలి. బయటి మెషీన్ ‘/టీఎంపీ’, లోపలి ‘/టీఎంపీ’ రెండూ ఒకటి కావు.

‘/టీఎంపీ’ పక్కన ‘టీఎంపీఎఫ్ఎస్’ అని కనిపిస్తే అది డిస్క్ కాదు, ర్యామ్. మామూలుగా మొత్తం ర్యామ్‌లో సగం దాకానే దానికి వాడుకోనిస్తారు. 8 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో దాని గరిష్ఠ పరిమాణం 4 జీబీ. హార్డ్ డిస్క్ ఎన్ని టెరాబైట్లు ఉన్నా దీనికి సంబంధం లేదు. ఫెడోరాలో 2013 నుంచి ఇదే పద్ధతి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో కూడా ‘/టీఎంపీ’ ర్యామ్‌లోకి మారింది. కాబట్టి ‘నిన్నటిదాకా బాగానే ఉంది, సర్వర్ అప్‌గ్రేడ్ చేశాక మొదలైంది’ అని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది ఇదే.

మరో చిక్కు ఐనోడ్‌లది. డిస్క్‌లో ఎంత స్థలం ఉందన్నది ఒక లెక్క, ఎన్ని ఫైళ్లు పెట్టొచ్చన్నది ఇంకో లెక్క. లైనక్స్ సర్వర్లలో బాగా కనిపించే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఆ ఫైళ్ల సంఖ్య డిస్క్‌ను ఫార్మాట్ చేసిన రోజే ఖరారవుతుంది. గిట్ ఒక్కో చిన్న వస్తువునూ ఒక్కో ఫైలుగా పెడుతుంది, తర్వాతెప్పుడో వాటిని కలిపి ప్యాక్ చేస్తుంది. వేలకొద్దీ రిపాజిటరీలున్న చోట, సగం డిస్క్ ఖాళీగా ఉండగానే ఫైళ్ల కోటా అయిపోవచ్చు. ఎర్రర్ మాత్రం అదే, ‘నో స్పేస్’. ‘డీఎఫ్ -ఐ’ కొడితే ఈ లెక్క బయటపడుతుంది.

రూట్‌గా లాగిన్ అయితే అసలు కనిపించని సమస్య ఇంకోటి ఉంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా డిస్క్‌లో 5 శాతాన్ని రూట్ కోసం పక్కన పెడుతుంది. ఒక టెరాబైట్ డిస్క్‌లో అది దాదాపు 50 జీబీ. గిట్ సర్వీసు నడిచేది సాధారణ యూజర్‌గా కాబట్టి ఆ 50 జీబీ దానికి లేనట్టే. అడ్మిన్ రూట్‌గా ఒక ఫైలు రాసి చూసి ‘నాకు వస్తోందే’ అంటారు. రాకేం, వస్తుంది. పరీక్షను గిట్ యూజర్‌గా మారి చేయాలి.

కొన్నిసార్లు ఫోల్డర్లను కూడితే (‘డీయూ’ కమాండ్) 60 జీబీ వస్తుంది, డిస్క్ మాత్రం 100 జీబీ వాడినట్టు చూపిస్తుంది. మిగతా 40 ఎక్కడ? ఎవరో ఒక పెద్ద లాగ్ ఫైలును తీసేసి ఉంటారు, దాన్ని రాస్తున్న ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంచి ఉంటుంది. లైనక్స్‌లో అలాంటి ఫైలు పేరు పోతుంది కానీ స్థలం తిరిగి రాదు. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1’ (ఈ రెండో ‘ఎల్’ పెద్ద అక్షరం) అలాంటి ఫైళ్లను, వాటిని పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాములను చూపిస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే చాలు.

చూసేసరికి మాయమైతే?

ఇన్ని చూసినా ఏమీ దొరకలేదంటే, సమస్య వచ్చిపోయేదన్నమాట. అప్పుడు నిమిషానికోసారి డీఎఫ్ ఫలితాన్ని, సమయంతో సహా ఒక ఫైల్లో రాసే చిన్న స్క్రిప్టు పెట్టాలి. ఆ ఫైలును వేరే డిస్క్‌లో రాయించాలని గుర్తుంచుకోండి (నిండిన డిస్క్‌లోనే లాగ్ రాయించి, లాగ్ ఎందుకు ఆగిపోయిందా అని వెతికేవాళ్లున్నారు). ఆ తర్వాత ఎర్రర్ వచ్చిన సమయాన్ని దానితో పోల్చాలి.

సాధారణంగా రెండు రకాల నమూనాలు బయటపడతాయి. రాత్రి ఒకే సమయానికి వస్తుంటే బ్యాకప్‌ను అనుమానించాలి. గిట్‌ల్యాబ్ వంటివి బ్యాకప్ తీసేటప్పుడు ముందు అన్నింటినీ ఒకచోట పోగేసి, ఆ తర్వాత ఒకే పెద్ద ఫైలుగా కడతాయి. ఆ కాసేపు దాదాపు రెట్టింపు స్థలం పోతుంది. అలా కాకుండా ఒకే బృందానికి, ఒకే ప్రాజెక్టులో వస్తుంటే ఎవరో వీడియోలో, డేటాబేస్ డంపులో కోడ్‌తో కలిపి పంపుతున్నట్టు లెక్క.

ఏం తీసేయొచ్చు, ఏం ముట్టుకోకూడదు?

డిస్క్ నిండిందనగానే చేతికి వచ్చే మొదటి కమాండ్ ‘గిట్ జీసీ’. చెత్త ఏరే పని కాబట్టి స్థలం ఇస్తుందని ఆశ. నిజానికి అది పాత ప్యాక్ పక్కనే కొత్త ప్యాక్ తయారు చేసి, అది పూర్తయ్యాకే పాతదాన్ని తీసేస్తుంది. 40 జీబీ రిపాజిటరీకి ఆ సమయంలో మరో 40 జీబీ దాకా కావాల్సి రావచ్చు. అంత లేకపోతే మధ్యలోనే చస్తుంది. ‘టీఎంపీ ప్యాక్’ పేరుతో మొదలయ్యే సగం ఫైలును వదిలి మరీ చస్తుంది. పుష్ తర్వాత గిట్ తనంతట తానే ఈ పని మొదలుపెట్టే ఏర్పాటు కూడా ఉంది కనుక, ఎవరూ ఏమీ చేయకుండానే ఇలాంటి సగం ఫైళ్లు ఒకదానిపై ఒకటి పేరుకుపోతాయి. టయోటాలో సర్దుతుండగానే స్థలం అయిపోయిందన్న సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది.

కాబట్టి వరుస మార్చాలి. ముందు కోడ్‌తో సంబంధం లేనివాటితో కొంత చోటు చేసుకోవాలి. పాత లాగ్‌లు, ఇప్పటికే వేరేచోట నకలు ఉన్న బ్యాకప్ ఫైళ్లు, ఆటోమేటిక్ టెస్టులు వదిలిన పాత బిల్డ్ ఫైళ్లు, వాడని డాకర్ ఇమేజీలు.. వీటిలోనే చాలాసార్లు పదుల జీబీలు దొరుకుతాయి. ఊపిరి తీసుకునేంత చోటు దొరికాక, రిపాజిటరీలో ‘గిట్ కౌంట్-ఆబ్జెక్ట్స్ -వీ’ కొట్టి చూడాలి. అందులో ‘గార్బేజ్’, ‘సైజ్-గార్బేజ్’ అనే లైన్లు పనికిరాని ఫైళ్లెన్నో, వాటి బరువెంతో చెబుతాయి. ఆ తర్వాతే జీసీ. అది మిగిలిపోయిన తాత్కాలిక ఫైళ్లలో పాతబడినవాటిని కూడా తీసేస్తుంది. మామూలుగా రెండు వారాలు దాటినవే తీస్తుంది కాబట్టి నిన్నటి చెత్త వెంటనే పోలేదని కంగారు పడొద్దు.

సబ్‌వర్షన్‌లో ‘ఎస్‌వీఎన్‌అడ్మిన్ ఎల్ఎస్‌టీఎక్స్ఎన్ఎస్’ మిగిలిపోయిన ట్రాన్సాక్షన్ల జాబితా ఇస్తుంది, ‘ఆర్ఎంటీఎక్స్ఎన్ఎస్’ వాటిని తీసేస్తుంది. జాబితాలో ఈ క్షణాన ఎవరో చేస్తున్న కమిట్ కూడా ఉండొచ్చు. అందుకే తేదీ చూడకుండా అన్నింటినీ ఒక్క దెబ్బతో తీసేయకూడదు.

రిపాజిటరీలోని ‘ఆబ్జెక్ట్స్’ ఫోల్డర్‌లోకి వెళ్లి, పెద్ద ఫైలు కదా అని చేత్తో తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ‘ప్యాక్’ అనే ముగింపుతో ఉన్న ఆ ఫైళ్లే అసలు కోడ్, దాని మొత్తం చరిత్ర. అర్థం కాని పేర్లతో ఉంటాయి కాబట్టి చెత్తలా కనిపిస్తాయంతే. దించే చోటు నిండిందని కోల్డ్ స్టోరేజీలో సరుకును ఎవరూ పారబోయరు కదా.

తొందరలో జరిగే పొరపాటు ఎంతదాకా వెళ్తుందో చెప్పడానికి 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ డాట్ కామ్‌లో జరిగింది చాలు. అక్కడ సమస్య డిస్క్ నిండటం కాదు, రెండు డేటాబేస్ సర్వర్ల మధ్య నకలు ఆగిపోవడం. దాన్ని సరిచేస్తూ ఒక ఇంజినీరు ఖాళీ చేయాల్సిన సర్వర్‌లో కాకుండా అసలు సర్వర్‌లో తొలగింపు కమాండ్ ఇచ్చారు. క్షణాల్లో ఆపినా, సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్‌ల కోసం వెతికితే, రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో విఫలమవుతోందని, ఆ హెచ్చరిక ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదని తేలింది. ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ ఉండటంతో బయటపడ్డారు. రిపాజిటరీల్లోని కోడ్‌కు నష్టం జరగలేదు గానీ, ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టుల, 5,000 వ్యాఖ్యల, 700 కొత్త ఖాతాల వివరాలు పోయాయి. జరిగిందంతా సంస్థే దాచకుండా బయటపెట్టింది కాబట్టి ఇవాళ మనకు తెలుస్తోంది.

రాత్రివేళ తొలగింపు కమాండ్ కొట్టేముందు ఏ సర్వర్‌లో ఉన్నారో పేరు చూసుకోవడం, వీలైతే పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోవడం చాదస్తం కాదు.

మళ్లీ రాకుండా ఏం చేయొచ్చు?

తాత్కాలిక ఫోల్డర్‌ను పెద్ద డిస్క్‌కు మార్చడం సులువైన మార్గం. చాలా ప్రోగ్రాములు ‘టీఎంపీడీఐఆర్’ (అన్నీ పెద్ద అక్షరాలు) అనే సెట్టింగ్ చూసి ఎక్కడ రాయాలో నిర్ణయించుకుంటాయి. దాన్ని మీ లాగిన్‌లో కాకుండా, సర్వీసు నడిచే సెట్టింగుల్లో పెట్టాలి. లేకపోతే మీరు పరీక్షించినప్పుడు పనిచేస్తుంది, జనం వాడినప్పుడు పనిచేయదు. ఎన్‌జింక్స్‌కు దీనితో పనిలేదు, దాని తాత్కాలిక ఫోల్డర్‌ను దాని కాన్ఫిగరేషన్‌లోనే మార్చాలి. వచ్చే డేటాను దాచుకోకుండా నేరుగా గిట్‌కు పంపేలా చేసే సెట్టింగ్ కూడా అక్కడే ఉంది. గిట్ క్వారంటైన్‌ను మాత్రం ఇలా వేరే డిస్క్‌కు పంపాలని చూడకండి. ఒకే డిస్క్‌లో ఉంటే పేరు మార్చడంతో పని అయిపోతుంది, అదే గిట్ కోరుకునేది.

పెద్ద ఫైళ్లను గేటు దగ్గరే ఆపడం ఇంకా మంచిది. గిట్‌హబ్ 50 ఎంబీ దాటిన ఫైలుకు హెచ్చరిస్తుంది, 100 ఎంబీ దాటితే తీసుకోదు. సొంత సర్వర్‌లో కూడా ‘రిసీవ్ డాట్ మ్యాక్స్‌ఇన్‌పుట్‌సైజ్’ అనే సెట్టింగ్‌తో ఒక పుష్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో హద్దు పెట్టొచ్చు. వీడియోలు, డిజైన్ ఫైళ్లు తప్పనిసరైతే గిట్ ఎల్ఎఫ్ఎస్ ఉంది. అది పెద్ద ఫైళ్లను విడిగా దాచి, రిపాజిటరీలో వాటి ఆనవాలు మాత్రమే ఉంచుతుంది. ఈ హద్దులు పెట్టిన మొదటి వారం అందరూ విసుక్కుంటారు. పెట్టకపోతే ఒక్కసారి చేరిన 2 జీబీ వీడియో, తర్వాతి కమిట్‌లో తీసేసినా, చరిత్రలో ఉండిపోయి ప్రతి బ్యాకప్‌తోనూ ప్రయాణిస్తుంది.

డిస్క్ 80 శాతం నిండగానే అలర్ట్ వచ్చేలా చాలామంది పెట్టుకుంటారు. ఆ అలర్ట్‌లో ‘/టీఎంపీ’, ‘/వార్’ కూడా ఉన్నాయో లేదో, ఐనోడ్‌ల లెక్క ఉందో లేదో ఒకసారి చూడండి. పెద్ద డిస్క్‌కు మాత్రమే కాపలా పెట్టి, చిన్నదాన్ని వదిలేసిన సర్వర్లు చాలా ఉంటాయి.

స్థలం దొరికాక కూడా రెండు పనులు మిగిలే ఉంటాయి. ఒకటి రిపాజిటరీ ఆరోగ్యం, దానికి గిట్‌లో ‘గిట్ ఎఫ్ఎస్‌సీకే’, సబ్‌వర్షన్‌లో ‘ఎస్‌వీఎన్‌అడ్మిన్ వెరిఫై’. రెండోది బ్యాకప్. డిస్క్ నిండిన రోజుల్లో తీసిన బ్యాకప్ ఫైలు ఉందంటే ఉంటుంది, కానీ సగమే ఉండొచ్చు. అంతకుముందు రోజు ఫైలుతో సైజు పోల్చడం, వేరే మెషీన్‌లో ఒకసారి తెరిచి చూడటం అవసరం.

మీరు డెవలపర్ అయితే, సర్వర్‌పై మీకు అధికారం లేకపోతే?

ఫిర్యాదు సరిగ్గా రాయడమే మీ చేతిలో ఉన్న పని, అదే సగం పరిష్కారం. ‘సర్వర్ పనిచేయట్లేదు’ అని రాస్తే, మొదట చెప్పినట్టు ‘మాకు బాగానే ఉంది’ అనే జవాబు వస్తుంది. ఎర్రర్ పూర్తి పాఠాన్ని, ‘రిమోట్’ లైన్లతో సహా కాపీ చేసి పెట్టండి (స్క్రీన్‌షాట్‌లో పై లైన్లు తెగిపోతుంటాయి). ఏ రిపాజిటరీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, పంపుతున్నది సుమారు ఎన్ని ఎంబీ, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారానా హెచ్‌టీటీపీఎస్ ద్వారానా అన్నవి రాయండి. ఒక దారిలో విఫలమైతే రెండో దారిలో ప్రయత్నించి ఆ ఫలితమూ రాయండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లి, హెచ్‌టీటీపీఎస్‌లో ఆగిందంటే అడ్మిన్ రిపాజిటరీల డిస్క్‌ను వదిలేసి నేరుగా వెబ్ సర్వర్ తాత్కాలిక ఫోల్డర్ దగ్గరికే వెళ్లొచ్చు.